గోథిక్ కవిత్వంలో కల

పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో మొదలై జర్మనీ, ఫ్రాన్స్, అమెరికాలకు పాకిన గోథిక్ సాహిత్యంలో శిథిల దుర్గాలు, సమాధులు, ప్రేతాలు ఎంత తరచుగా కనిపిస్తాయో కలలూ అంత తరచుగా కనిపిస్తాయి. గోథిక్ నవలల్లో కల ఎక్కువగా కథను ముందుకు నెట్టడానికి పనికొస్తుంది. కవిత్వంలో దాని స్థానం వేరు. అక్కడ కల ఒక తావు. కవి అందులోకి వెళ్ళి ఉండిపోవాలనుకుంటాడు. జబ్బు, అప్పులు, అపరాధ భావం, చనిపోయిన మనిషి జ్ఞాపకం తరుముకొస్తుంటే నిద్రలోకి జారుకుంటాడు. వెళ్ళిన చోటు కూడా చీకటిగానే ఉంటుంది. అయినా వెలుతురులో ఉన్న లోకం కంటే ఆ చీకటే నయమనిపిస్తుంది.

మన పాఠకులకు కావ్యంలో కల అనగానే త్రిజట గుర్తుకొస్తుంది. అశోకవనంలో ఆమె చెప్పిన కల లంకకు రాబోయే చేటును ముందే చూపించింది. ఉష కన్న కల అనిరుద్ధుణ్ణి వెతికి తెప్పించింది. ఆ కలలు మేలుకున్న లోకానికి ఏదో ఒకటి మోసుకొస్తాయి. గోథిక్ కవుల కల చాలావరకు ఏమీ తీసుకురాదు, ఉన్నదాన్ని మరిపిస్తుంది. అందుకే ఈ కవితల్లో అసలు భయం తరచుగా పీడకలలో కాకుండా మెలకువ వచ్చే క్షణంలో ఉంటుంది. పిశాచాల మీదే చూపు నిలిపిన విమర్శకులు ఈ ఉదయాలను పెద్దగా పట్టించుకోలేదు.

సమాధుల మధ్య మొదలు

ఈ ధోరణికి ముందు నడిచినవాళ్ళు శ్మశాన కవులుగా పేరుపడిన థామస్ పార్నెల్, ఎడ్వర్డ్ యంగ్, రాబర్ట్ బ్లెయిర్, థామస్ గ్రే. యంగ్ కావ్యం ‘నైట్ థాట్స్’ 1742 నుంచి 1745 వరకు తొమ్మిది రాత్రులుగా వెలువడింది. బ్లెయిర్ ‘ది గ్రేవ్’ 1743లోనూ, గ్రే ఎలిజీ 1751లోనూ వచ్చాయి. వీళ్ళది మొత్తం మీద భక్తి మార్గం. రాత్రిని, సమాధిని తలచుకోవడం పరలోక చింతనకు మెట్టు. కానీ యంగ్ కావ్యం మొదలే కలత నిద్ర నుంచి లేచిన మనిషితో. ఇక ఎన్నటికీ లేవని వాళ్ళు ఎంత అదృష్టవంతులో అనుకుంటాడు, వెంటనే సమాధిలోనూ కలలు వెంటపడితే దిక్కేమిటని జంకుతాడు. తర్వాతి నూరేళ్ళ గోథిక్ కవులు తిరిగిందంతా ఈ కోరికకూ ఈ జంకుకూ మధ్యనే. వాళ్ళు వదిలేసింది యంగ్ నమ్ముకున్న పరలోకాన్ని.

గోథిక్ అన్న పేరు స్థిరపడడంలోనూ కలకు వాటా ఉంది. హొరేస్ వాల్పోల్ 1764 జూన్‌లో ఒక ఉదయం, పాత కోటలో పెద్ద మెట్ల వరుస పైన ఇనుప కవచం తొడిగిన మహా హస్తాన్ని కలగని లేచాడు. ఆ సాయంత్రమే రాయడం మొదలుపెట్టానని మరుసటి ఏడాది విలియం కోల్‌కు లేఖలో చెప్పాడు. అలా పుట్టిన ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ రెండో ముద్రణకు గోథిక్ కథ అని ఉపశీర్షిక తగిలించాడు.

చిత్రకారుడు హెన్రీ ఫ్యూసెలీ గీసిన ‘ది నైట్‌మేర్’ 1782లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనకు వచ్చింది. మంచం అంచున తల వేలాడేసి పడుకున్న స్త్రీ, ఆమె గుండెల మీద కూర్చున్న పిశాచం, తెర సందులోంచి తొంగిచూస్తున్న గుర్రం తల. ఇరాస్మస్ డార్విన్ 1789 నాటి తన కావ్యం ‘ది లవ్స్ ఆఫ్ ది ప్లాంట్స్’లో ఆ బొమ్మను పద్యాల్లో వర్ణించాడు. ఈయన వృత్తిరీత్యా వైద్యుడు, చార్లెస్ డార్విన్‌కు తాత. నిద్రలో మనిషి సంకల్పశక్తి ఆగిపోతుందని, పీడకలలో ఒళ్ళు కదపలేకపోవడానికి అదే కారణమని ఆయన సిద్ధాంతం. పిశాచానికి శరీరశాస్త్రం చెప్పిన వివరణ ఇది. కవులు దీన్ని సంతోషంగా అందుకున్నారు. సంకల్పం లేని చోట పాపానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వాళ్ళకు దొరికింది.

లాడనమ్ సీసా

ఈ చరిత్రలో నల్లమందును పక్కన పెట్టడం కుదరదు. నల్లమందును సారాలో కరిగించిన లాడనమ్ అప్పట్లో బ్రిటన్‌లో దగ్గుకు, విరేచనాలకు, పంటినొప్పికి, ఏడ్చే పసిపిల్లలకు ఇచ్చే మామూలు మందు. చవక సరుకు. 1868 నాటి ఫార్మసీ చట్టం వచ్చేదాకా దాని అమ్మకానికి చెప్పుకోదగ్గ అడ్డు లేదు. వ్యసనపరుడు అనే ముద్ర కూడా అప్పటికి ఇంకా బలంగా పడలేదు.

లాడనమ్ మత్తులో కవిత చెప్పిన వారిగా అందరూ కోల్‌రిడ్జ్‌ను తలుస్తారు గానీ ఆయనకంటే ముందు మేరీ రాబిన్సన్ ఉంది. రంగస్థల నటిగా పేరు తెచ్చుకుని, యువరాజుతో సంబంధం వల్ల ఊరందరి నోటా పడి, చిన్న వయసులోనే కాళ్ళు పడిపోయిన ఈమె నొప్పులకు లాడనమ్ తీసుకునేది. 1791లో బాత్ నగరంలో, జనం రాళ్ళు రువ్వుతున్న పిచ్చివాణ్ణి ఒకణ్ణి చూసింది. ఒక రాత్రి ఎనభై చుక్కల దాకా లాడనమ్ తాగి నిద్రపోయి, లేచి, కూతుర్ని పిలిచి కళ్ళు మూసుకునే ‘ది మేనియాక్’ అనే దీర్ఘ కవితను చెప్పి రాయించింది. పొద్దున కాగితం చూపిస్తే తప్ప నమ్మలేకపోయిందని ఆమె మరణానంతరం 1801లో వచ్చిన స్వీయకథ చెబుతుంది. అప్పటికి అచ్చుకాని కోల్‌రిడ్జ్ కవిత ‘కుబ్లా ఖాన్’ రాతప్రతిని చూసి, దానిపై కవిత రూపంలో మొదట స్పందించింది కూడా ఈమే.

‘కుబ్లా ఖాన్’ పుట్టుక కథ కవితకంటే ఎక్కువ ప్రచారం పొందింది. 1797లో ఎక్స్‌మూర్ ప్రాంతంలోని పోర్లాక్ దగ్గర ఒక పల్లె ఇంట్లో, మందు తీసుకుని పర్చాస్ యాత్రాగ్రంథం చదువుతూ నిద్రపోయానని, మూడు గంటల నిద్రలో రెండు మూడు వందల పాదాలు వాటంతటవే వచ్చాయని, లేచి రాసుకుంటుండగా పోర్లాక్ నుంచి పనిమీద ఒక మనిషి వచ్చి గంటసేపు కూర్చోవడంతో మిగతాది చెరిగిపోయిందని కోల్‌రిడ్జ్ 1816లో ముందుమాటలో రాశాడు. మిగిలినవి 54 పాదాలు. 1934లో వెలుగులోకి వచ్చిన ఒక రాతప్రతిలో మాత్రం గాఢనిద్ర ఊసు లేదు. విరేచనాలకు వేసుకున్న రెండు గ్రెయిన్ల నల్లమందు వల్ల కలిగిన ఒకరకమైన పరధ్యానంలో రాశానని ఉంది. ఎలిసబెత్ ష్నైడర్ 1953లో ఈ కథ మొత్తాన్ని అనుమానించి, అది మెలకువలో చేసిన పనితనమేనని వాదించింది. అలెథియా హేటర్ 1968లో తిరిగి నల్లమందు ప్రభావాన్ని జాగ్రత్తగా తూచింది. నిద్ర నిజమో కాదో గానీ, పోర్లాక్ మనిషిని కవితలో భాగంగా చదువుకోవడమే మేలు. తలుపు తట్టిన లోకం ముందు కల ఎలా ఓడిపోతుందో ఆ చిన్న కథ చెబుతుంది.

అదే 1797 అక్టోబరులో కోల్‌రిడ్జ్ మిత్రుడు జాన్ థెల్వాల్‌కు రాసిన లేఖలో మనకు ఆసక్తి కలిగించే మాట ఒకటుంది. భారతీయుల విష్ణువులాగా అంతులేని సముద్రం మీద తామరపువ్వులో తేలుతూ, పది లక్షల ఏళ్ళకోసారి కొద్ది నిమిషాలు మేలుకోవాలని ఉందట. ఆ మేలుకోవడం కూడా మరో పది లక్షల ఏళ్ళు నిద్రపోబోతున్నానని తెలుసుకోవడానికే. పడుకున్నది శేషుడి మీదనీ, తామరలో ఉన్నది బ్రహ్మ అనీ ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. అంతకంటే పెద్ద తేడా మరొకటుంది. మన యోగనిద్రలో లోకం ఇమిడి ఉంటుంది. కోల్‌రిడ్జ్ కోరింది లోకం లేని నిద్ర.

ఆయనకు దొరికింది వేరు. 1803లో వర్డ్స్‌వర్త్ అన్నాచెల్లెళ్ళతో స్కాట్లండ్ యాత్రకు వెళ్ళి, మధ్యలో విడిపోయి, నల్లమందు మానే ప్రయత్నంలో ఒంటరిగా ఎనిమిది రోజుల్లో 263 మైళ్ళు నడిచాడు. సెప్టెంబరులో కవి సదేకి రాసిన లేఖలో పంపిన కవితే తర్వాత ‘ది పెయిన్స్ ఆఫ్ స్లీప్’ అయింది. రోజూ మౌనంగా ప్రార్థించి పడుకునే మనిషి ఒక రాత్రి గొంతెత్తి ప్రార్థిస్తాడు. కలలో సిగ్గు, పగ, కోరిక కలగలిసి వస్తాయి. తాను చేసిన తప్పో తనకు జరిగిన అన్యాయమో తేల్చుకోలేకపోతాడు. మూడో రాత్రి తన కేకకు తానే లేచి పసివాడిలా ఏడుస్తాడు. ఈ కవితను ‘కుబ్లా ఖాన్’, ‘క్రిస్టబెల్’లతో కలిపి 1816లో జాన్ ముర్రే ఒకే పుస్తకంగా అచ్చువేశాడు. నొప్పి కలను కూడా అంతే నమ్మకంగా చిత్రించానని కవే చెప్పుకున్నాడు. సంకలనాలు ఈ రెండు కలలను విడదీసి మొదటిదాన్నే పాఠ్యపుస్తకాలకు ఎక్కించాయి. రెండూ పక్కపక్కన చదివితేనే కోల్‌రిడ్జ్ మొత్తంగా కనిపిస్తాడు. నిద్రలోకి పారిపోయే దారి ఆయనకు నిద్రలోనే మూసుకుపోయింది.

థామస్ డి క్విన్సీ ‘కన్ఫెషన్స్ ఆఫ్ యాన్ ఇంగ్లిష్ ఓపియం ఈటర్’ 1821లో లండన్ మ్యాగజీన్‌లో వచ్చింది. వచనమే అయినా దాన్ని చదవని గోథిక్ కవి అరుదు. ఆయన కలల్లో బ్రహ్మ ఆగ్రహిస్తాడు, విష్ణువు ద్వేషిస్తాడు, శివుడు మాటు వేస్తాడు, మొసళ్ళు ముద్దుపెట్టుకుంటాయి. ఎన్నడూ చూడని ఆసియా అంతా ఆయన పడకగదిలోకి దిగింది. సామ్రాజ్యం పగలు లెక్కల్లో చూసుకున్న దేశాలు రాత్రి ఇలా తిరిగొచ్చాయని నేటి విమర్శకులు ఈ పుటలను చదువుతున్నారు.

ఎండలేని ఏడాది, చలికొండ

జర్మనీలో గాట్‌ఫ్రీడ్ బ్యూర్గర్ 1774లో అచ్చువేసిన ‘లెనోరె’ గాథ కలత కలల నుంచి తెల్లవారుజామున లేచిన అమ్మాయితో మొదలవుతుంది. యుద్ధంలో చచ్చిన ప్రియుడు అర్ధరాత్రి గుర్రమెక్కించుకుని ఆమెను సమాధి దాకా తీసుకుపోతాడు. 1796లో వాల్టర్ స్కాట్ దీన్ని ఇంగ్లిష్ చేశాడు. నోవాలిస్ ధోరణి దీనికి విరుద్ధం. కాబోయే భార్య సోఫీ 1797లో చనిపోయాక రాసి, 1800లో ప్రచురించిన ‘హిమ్స్ టు ది నైట్’లో రాత్రిని తల్లిగా కొలిచాడు. అందులో భయం లేదు కనుక కొందరు దాన్ని గోథిక్ అనడానికి ఒప్పుకోరు. కానీ పగలును శత్రువుగా చూడడం కవులకు నేర్పింది ఈ పుస్తకమే.

ఇండొనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం 1815 ఏప్రిల్‌లో బద్దలై, దాని ప్రభావం వల్ల 1816లో ఐరోపాకు వేసవి రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున విల్లా డియోడాటిలో బైరన్, షెల్లీ దంపతులు కాబోతున్న పెర్సీ, మేరీ, బైరన్ వెంట వచ్చిన వైద్యుడు పొలిడోరి ఆ చలిలో దయ్యాల కథలు చెప్పుకున్నారు. నిద్రలో నడవడం, కలవరించడం గురించి ఎడిన్‌బరోలో అంతకు ముందు ఏడాదే వైద్య సిద్ధాంతవ్యాసం రాసినవాడు ఈ పొలిడోరి. ఆ వేసవిలోనే బైరన్ ‘డార్క్‌నెస్’ రాశాడు. కల అని చెబుతూనే అది పూర్తిగా కలేనా అన్న అనుమానాన్ని మొదట్లోనే నాటుతాడు. సూర్యుడు ఆరిపోతాడు. వెలుతురు కోసం జనం రాజభవనాలనూ గుడిసెలనూ తగలబెట్టుకుంటారు. ఒక మహానగరంలో మిగిలిన ఇద్దరు శత్రువులు బలిపీఠం దగ్గర నిప్పు రాజేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆ వికారానికే చచ్చిపోతారు. కలలోకి పోయి తలదాచుకోవడానికి ఇక్కడ చోటు లేదు. కవితలో ఎవరూ మేలుకోరు కూడా.

కీట్స్ మందుల వైద్యుడిగా 1816లో లైసెన్సు పొందినవాడు, కనుక మత్తుమందుల సంగతి ఆయనకు వృత్తిలో భాగంగా తెలుసు. 1819లో రాసిన ‘ది ఈవ్ ఆఫ్ సెయింట్ ఆగ్నెస్’లో మాడలైన్ ఆచారం ప్రకారం భోజనం మానేసి పడుకుంటే కాబోయే భర్త కలలో వస్తాడని నమ్ముతుంది. ప్రియుడు పోర్ఫిరో దొంగతనంగా ఆమె గదిలోనే దాక్కుని ఉంటాడు. ఆమె కళ్ళు తెరిచేసరికి కలలోని పోర్ఫిరో కంటే ఎదురుగా ఉన్నవాడు పాలిపోయి, చల్లబడి కనిపిస్తాడు. కోరుకున్నవాడే కళ్ళముందుంటే కలే కావాలని ఏడుస్తుంది. ఈ కవితను సుఖాంత ప్రేమకథగా చదివేవాళ్ళు ఆ ఏడుపును దాటేస్తారు. అదే ఏడాది ఏప్రిల్‌లో తమ్ముడికి రాసిన లేఖలో పంపిన ‘లా బెల్ డామ్ సాన్ మెర్సీ’ ఇంకా కటువైనది. మాయావిని ఒడిలో నిద్రపోయిన యోధుడికి పాలిపోయిన రాజులు, వీరులు కలలో హెచ్చరిక చేస్తారు. లేచి చూస్తే చలికొండ పక్కన ఒంటరిగా ఉంటాడు. హెచ్చరిక వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

పో

కలే నిజం కంటే మేలని దాపరికం లేకుండా వాదించినవాడు ఎడ్గార్ అలన్ పో. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1827లో, పేరు వేసుకోకుండా బోస్టన్‌లో అచ్చువేసిన తొలి పుస్తకంలోనే ‘డ్రీమ్స్’ అనే కవిత ఉంది. యౌవనమంతా ఒకే కలగా సాగిపోతే బాగుండునంటాడు. ఆ కల ఆశలేని దుఃఖంతో నిండినా సరే, చల్లటి మెలకువ కంటే నయమంటాడు. ఈ వ్యాసం చర్చించే భావం ఇంత సూటిగా మరెక్కడా కనిపించదు. కుర్రతనపు కవితే, పనితనం అంతంతమాత్రమే. కానీ జీవితాంతం పో తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చాడు.

1844 జూన్‌లో గ్రాహమ్స్ మ్యాగజీన్‌లో వచ్చిన ‘డ్రీమ్-ల్యాండ్’లో ఆ ఊహ ఒక భూగోళంగా విప్పారింది. నల్ల సింహాసనం మీద రాత్రి రాజ్యమేలే దేశం. కాలానికీ స్థలానికీ బయట ఉన్న ఆ దేశంలో అడుగులేని లోయలు, తీరంలేని సముద్రాలు. తిరిగేవాడికి చనిపోయిన మిత్రులు తెల్లటి ముసుగుల్లో ఎదురవుతారు. భరించలేనన్ని వెతలున్న మనసుకు అదే శాంతి దొరికే చోటని కవి అంటాడు. షరతు ఒకటే: దాన్ని కళ్ళారా చూడకూడదు, మసక అద్దాల్లోంచే చూడాలి. ఇక్కడే పో తన సమకాలికులను మించిపోయాడు. ఊరట దొరకాలంటే చూపు తగ్గించుకోవాలని ఆయన ఒప్పుకున్నాడు.

భార్య వర్జీనియా క్షయతో 1847 జనవరిలో చనిపోయింది. రెండేళ్ళ తర్వాత, 1849 మార్చిలో వచ్చిన ‘ఎ డ్రీమ్ విదిన్ ఎ డ్రీమ్’లో మెలకువ, కల అన్న తేడానే నిలవదు. ఒడ్డున నిలబడ్డ మనిషి గుప్పిట్లోంచి ఇసుక రేణువులు జారిపోతుంటాయి. ఒక్కదాన్నైనా ఆపలేనా అని అడుగుతాడు. బతుకే కల అయితే పారిపోవడానికి రెండో చోటు ఉండదు. పో అదే ఏడాది అక్టోబరులో బాల్టిమోర్‌లో మరణించాడు. ఆయన నల్లమందుకు బానిస అన్న ప్రచారం గురించి ఒక మాట. పోతో బద్ధ వైరమున్న డాక్టర్ థామస్ డన్ ఇంగ్లిష్ సైతం ఆ అలవాటు జాడలు తానెన్నడూ చూడలేదన్నాడు. కోల్‌రిడ్జ్ కథను పోకు అతికించడం పాఠకుల సరదా.

గొలుసు, అద్దెగది, నిద్రలేని నగరం

ఎమిలీ బ్రాంటీ తన కవితలను అక్కచెల్లెళ్ళ కవితలతో కలిపి 1846లో మారుపేర్లతో అచ్చువేసింది. మొదటి ఏడాది అమ్ముడైనవి రెండు ప్రతులు. అందులోని ‘ది ప్రిజనర్’లో చెరసాలలో ఉన్న యువతికి రాత్రిపూట ఒక దూత వస్తాడు. దేహం మరిచిపోయేంత స్వేచ్ఛ ఇస్తాడు. తర్వాత జరిగే తిరుగు ప్రయాణాన్ని ఎమిలీ అంగం తర్వాత అంగంగా చూపిస్తుంది: వినికిడి, చూపు, నాడి, ఆలోచన ఒక్కొక్కటే మళ్ళీ పని మొదలుపెడతాయి, చివరికి ఒంటికి గొలుసు తగులుతుంది. మేలుకోవడాన్ని చిత్రహింసగా ఇంత నిక్కచ్చిగా రాసిన కవిత గోథిక్ సాహిత్యంలో మరొకటి లేదని చెప్పవచ్చు. ‘స్టార్స్’లో ఆమె సూర్యుణ్ణే దోషిగా నిలబెట్టింది. క్రిస్టినా రొసెట్టి 1854లో రాసిన ‘ఎకో’లో చనిపోయిన ప్రియుణ్ణి కలలోకి రమ్మని పిలుపు ఉంది. అక్కడ ప్రేతం భయపెట్టదు, రాకపోవడమే భయం.

పోను ఫ్రెంచిలోకి తెచ్చిన బోద్‌లేర్, డి క్విన్సీని ‘లె పారాదీ ఆర్తిఫిసియెల్’లో 1860లో సంక్షిప్తం చేశాడు. మత్తు మనిషికి కొత్తదేమీ ఇవ్వదని, ఉన్న మనిషినే పెంచి చూపిస్తుందని అందులో తేల్చాడు. 1861 నాటి ‘లె ఫ్లూర్ ద్యు మాల్’ రెండో ముద్రణలో చేరిన ‘రెవ్ పారిసియెన్’ దీనికి ఉదాహరణ. చెట్టూచేమా లేని పాలరాయి, లోహం, నీళ్ళ నగరాన్ని కలగంటాడు. అక్కడ సూర్యుడు లేడు, చప్పుడు లేదు, ప్రతిదీ తనంతట తానే మెరుస్తుంది. కళ్ళు తెరిస్తే దరిద్రపు అద్దెగది. గడియారం మధ్యాహ్నం పన్నెండు కొడుతుంటే ఆకాశం చీకటి కురిపిస్తుంటుంది. పో దాకా చీకటి కలలో ఉండేది. బోద్‌లేర్ దాన్ని మిట్టమధ్యాహ్నానికి మార్చాడు.

స్కాట్లండ్‌లో పుట్టి లండన్‌లో పేదరికంతో, తాగుడుతో, నిద్రలేమితో బతికిన జేమ్స్ థామ్సన్ తన మారుపేరులో ఒక భాగాన్ని నోవాలిస్ అక్షరాలు తారుమారు చేసి తయారుచేసుకున్నాడు. గురువు పేరు అలా నిలుపుకున్నవాడు రాత్రి గురించి చెప్పింది మాత్రం పూర్తి వ్యతిరేకం. 1874లో ‘నేషనల్ రిఫార్మర్’ పత్రికలో వచ్చిన ‘ది సిటీ ఆఫ్ డ్రెడ్‌ఫుల్ నైట్’ 21 భాగాల కావ్యం. ఆ నగరం పగటి వెలుగులో కలలా కరిగిపోతుంది. అయితే ఒకే కల రాత్రి తర్వాత రాత్రి, ఏడాది తర్వాత ఏడాది వస్తుంటే దాన్ని బతుకు నుంచి ఎలా వేరుచేయడమని కవి అడుగుతాడు. అక్కడి వీధుల్లో తిరిగేవాళ్ళకు నిద్ర రాదు. నది ఒకటి ఉంది, అందులో దూకవచ్చు. దేవుడు లేడని ప్రకటించే ఉపదేశకుడు దాన్నే శుభవార్తగా చెబుతాడు. నిద్రే కరువైన చోట కల ఆశ్రయం కాలేదు. యంగ్ మొదలుపెట్టిన వాదన నూట ముప్పై ఏళ్ళకు ఇక్కడ అడుగంటింది.

తర్వాత

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ధారను ఎక్కువగా కాపాడింది అమెరికా చవక పత్రికల రచయితలు. కాలిఫోర్నియాలోని ఆబర్న్‌లో ఉన్న క్లార్క్ ఆష్టన్ స్మిత్ 1922లో ‘ఎబొనీ అండ్ క్రిస్టల్’ సంపుటిలో ‘ది హాషీష్ ఈటర్’ ప్రచురించాడు. తనను కలల చక్రవర్తిగా ప్రకటించుకున్నవాణ్ణి చివరికి ఆ కలల్లోని జీవులే తరుముతాయి. అలంకారం కాస్త ఎక్కువైనా, దీర్ఘ గోథిక్ స్వప్నకావ్యాల్లో చివరి పెద్ద ప్రయత్నం ఇదే. ఆయన మిత్రుడు హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ ‘న్యార్లతోటెప్’ అనే గద్యకవితను 1920లో ఒక కల నుంచి, పూర్తిగా మెలకువ రాకముందే రాయడం మొదలుపెట్టానన్నాడు. 1929-30లలో ‘ఫంగై ఫ్రమ్ యుగ్గోత్’ పేరుతో 36 సానెట్లు రాశాడు. అప్పటికి కలల మీద ఫ్రాయిడ్ పుస్తకం వచ్చి మూడు దశాబ్దాలు కావస్తోంది. కల అంటే విప్పి చదవాల్సిన గుర్తుల మూట అన్న అభిప్రాయం చదువుకున్నవాళ్ళలో పాతుకుపోయింది. లవ్‌క్రాఫ్ట్ దీన్ని ఒప్పుకోలేదు. ఫ్రాయిడ్ సంకేతాలు చిన్నపిల్లల చేష్టలని 1919లోనే ఒక కథ మొదట్లో ఎద్దేవా చేశాడు.